కాగితం చూపించమంటే కోపమెందుకు?

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు. షామియానా ఇంకా విప్పలేదు. వంటవాళ్లు పెరట్లో గిన్నెలు లెక్కపెట్టుకుంటున్నారు. మా మేనమామ నన్ను ముందుగదిలోకి పిలిచి, కుర్చీ జరిపి కూర్చోబెట్టి, ఎంతో ప్రేమగా చెప్పాడు.

"అమ్మాయ్, నాన్న వీలునామా రాశాడు. ఇల్లు అన్నయ్యకే. ఇక్కడొక సంతకం, ఇక్కడొక సంతకం పెట్టు. రేపు రిజిస్ట్రార్ ఆఫీసుకొచ్చి వేలిముద్ర వేసేస్తే పనైపోతుంది. మళ్లీ మళ్లీ నిన్ను హైదరాబాద్ నుంచి రప్పించడం దేనికి?"

"వీలునామా ఏది మామయ్యా? ఒకసారి చూస్తాను" అన్నాను.

నేనన్నది అంతే. వాటా అడగలేదు. గొంతు పెంచలేదు. అప్పటిదాకా ప్రేమగా ఉన్న మొహం ఒక్కసారి మారిపోయింది. "అంటే మీ అన్నయ్య మీద నమ్మకం లేదా?" అన్నాడు. వంటింట్లోంచి వదిన బయటికొచ్చింది. అన్నయ్య తలదించుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు. పిన్ని నా చెయ్యి పట్టుకుని "తండ్రి పోయిన పదమూడో రోజునే కాగితాలంటావేంటే" అంది. పదమూడో రోజున కాగితాలు తెచ్చింది వాళ్లు. చూస్తానన్నందుకు మాట పడింది నేను!

ఈ గదిలో మీలో ఎంతమంది కూర్చున్నారో నాకు తెలుసు. కొందరు సంతకం పెట్టేశారు. కొందరు పెట్టబోతున్నారు. కొందరి అమ్మలు ఎప్పుడో పెట్టేసి, ఏం పెట్టారో కూడా మర్చిపోయారు. అందుకే ఈ వ్యాసం కొంచెం కోపంగానే రాస్తున్నాను. నేను లాయర్ని కాదు, తెలుగు బీఏ చదివిన ఇల్లాలిని. కానీ నాన్న వీలునామా నకలు చేతికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో నేర్చుకున్నది మీకు చెప్పకపోతే తప్పవుతుంది.

మొదట ఒక ప్రశ్న. ఆ రోజు నాకు తట్టలేదు గానీ, బస్సులో తిరిగొస్తుంటే తట్టింది. నిజంగా వీలునామా ఉంటే నా సంతకం ఎందుకు? నాన్న సొంతంగా సంపాదించి కట్టుకున్న ఇల్లు అది. స్వార్జితాన్ని ఎవరికి రాసినా ఆయనిష్టం, కూతురి అనుమతి అక్కర్లేదు. నా ముందు పెట్టింది హక్కు విడుదల దస్తావేజు. అంటే నాకు హక్కు ఉందని వాళ్లే ఒప్పుకుని, దాన్ని వదులుకోమని అడుగుతున్నారన్నమాట. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకు, కూతురు అందరికీ సమానంగా వస్తుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు. రెండూ కావాలంటున్నారంటే ఎవరికో ఎక్కడో అనుమానం ఉంది. ఆ అనుమానం నాది మాత్రం కాదు.

చాలామంది "కోర్టుకెళ్తే గానీ ఇవి తెలియవు" అనుకుంటారు. సినిమాల్లో లాయరు కళ్లద్దాలు సర్దుకుని వీలునామా చదువుతాడు కదా, అలా ఎక్కడో జరుగుతుందని. మన దగ్గర అలాంటిదేమీ లేదు. చెన్నై, ముంబై, కోల్‌కతాల్లో హిందువుల వీలునామాలకు దశాబ్దాల పాటు ప్రొబేట్, అంటే కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరిగా ఉండేది. అందుకని మద్రాసులో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల వీలునామాలు అక్కడి హైకోర్టు ఫైళ్లలో దొరుకుతాయి. ఆంధ్రాలో, తెలంగాణలో ఆ నిబంధన లేదు. కావాలనుకున్నవాళ్లు జిల్లా కోర్టులో ప్రొబేట్ తెచ్చుకోవచ్చు, అలా వచ్చిన వీలునామా అసలు ప్రతిని ఆ కోర్టు భద్రపరచాలి కూడా. కానీ నూటికి తొంభై మంది ఆ దారి తొక్కరు. వీలునామా బీరువాలో ఉంటుంది. బీరువా తాళం ఒకరి దగ్గర ఉంటుంది. మిగతావాళ్లంతా వాళ్ల మాట నమ్మాలి.

న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కూతురికి ఇది చెప్తే నవ్వింది. అక్కడ మనిషి పోయాక వీలునామాను కౌంటీ ఆఫీసులో దాఖలు చేస్తారట. దాఖలైందంటే అది పబ్లిక్ రికార్డే. కూతురే కాదు, ఎదురింటివాళ్లయినా వెళ్లి నకలు తీసుకోవచ్చు. "అక్కడ అడిగితే అన్నదమ్ములకు కోపం రాదా?" అన్నాను. "అడగాల్సిన పనే లేదక్కా, ఆఫీసులో ఉంటుంది కదా" అంది. నాకు అసూయ వేసింది. డబ్బు గురించి కాదు. అడగకుండానే చూడగలగడం గురించి.

ఆ తర్వాత తెలిసింది, మన దగ్గర కూడా ఆ తలుపు ఉందని. ఎప్పట్నుంచి? 1908 నుంచి! రిజిస్ట్రేషన్ చట్టం వయసు నూట పదిహేనేళ్లు దాటింది. దాని ప్రకారం ప్రతి రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలకు నంబర్లుంటాయి. అమ్మకాలు, దానపత్రాలు, భాగపరిష్కారాలు, హక్కు విడుదలలు ఒకటో పుస్తకంలో ఎక్కుతాయి. వీలునామాలు మూడో పుస్తకంలో. 57వ సెక్షన్ ఏం చెప్తుందంటే, ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. మూడో పుస్తకంలోని వీలునామా నకలు, రాసిన మనిషి బతికుండగా ఆయనకో, ఆయన పంపిన ఏజెంటుకో తప్ప ఎవరికీ ఇవ్వరు. ఆయన పోయాక, అడిగిన ఎవరికైనా ఇవ్వాలి.

ఎవరికైనా. కొడుక్కి అని రాయలేదు. లబ్ధిదారుకి అని రాయలేదు. పెళ్లైన కూతురికి తప్ప అనీ రాయలేదు. మన ఇళ్లల్లో "నీకెందుకమ్మా" అనే మాటకు చట్టంలో చోటే లేదు.

మరి నాకు రెండేళ్లెందుకు పట్టింది? మొదటి ఏడాది నా భయానికే పోయింది. పుట్టింటి మీద ఆఫీసులో వాకబు చేస్తే ఎవరైనా చూస్తారేమో, మా టౌన్లో అందరూ అందరికీ తెలుసు కదా అని. రెండో ఏడాది ఆఫీసుకు పోయింది. మొదటిసారి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన తలెత్తకుండా "మీ అన్నయ్యని తీసుకురండి" అన్నాడు. రెండోసారి "దస్తావేజు నంబరు లేకుండా ఎలా వెతుకుతామమ్మా, ఎవరైనా దస్తావేజు లేఖరిని పట్టుకోండి" అన్నాడు. బయట చెట్టుకింద కూర్చున్న లేఖరి ఒకాయన ఆ పని చేసిపెడతానని చెప్పిన అంకె వింటే మీకు కళ్లు తిరుగుతాయి. మూడోసారి వెళ్లేముందు మావారికి తెలిసిన రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన సలహాతో తెల్లకాగితం మీద నేనే దరఖాస్తు రాసుకున్నాను. నాన్న పూర్తి పేరు, తాతయ్య పేరు, చిరునామా, వెతకాల్సిన సంవత్సరాలు, పోయిన తేదీ. చివర్లో 57వ సెక్షన్ అని రాశాను. మరణ ధ్రువపత్రం, నా ఆధార్ జిరాక్సు జతచేశాను. ఇంకో కాపీ మీద దరఖాస్తు ముట్టినట్టు ముద్ర వేసివ్వమని అడిగాను.

ముద్ర అడగగానే ఆయన తలెత్తి చూశాడు. వారంలో నకలు వచ్చింది.

ఆ నకలులో ఏముందో తర్వాత చెప్తాను. ముందు పని సంగతి. మీకూ అవసరం పడొచ్చు కాబట్టి వివరంగా చెప్తున్నాను.

మూడో పుస్తకాన్ని మనల్ని వెతకనివ్వరు, ఆఫీసరే వెతికించాలి. ఆ నియమం చట్టంలోనే ఉంది, దాని మీద పోట్లాడకండి. కానీ వెతకమని అడిగే హక్కు మనది. ఏడాదికింత అని వెతుకుడు రుసుము ఉంటుంది, రశీదు తీసుకోండి. సంవత్సరం తెలియకపోతే ఆలోచించండి. నాన్నకు గుండె ఆపరేషన్ ఎప్పుడైంది? తమ్ముడి పెళ్లి ఎప్పుడైంది? రిటైరైంది ఎప్పుడు? మన పెద్దలు వీలునామా గురించి ఆలోచించేది అలాంటప్పుడే. పాత సంవత్సరాల పుస్తకాలు చేతిరాతవి. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు రావడం 1998లో మొదలైంది, అంతకు ముందువాటికి ఓపిక కావాలి.

ఇంకోటి. ఇల్లు ఉన్న ఊళ్లోనే వీలునామా రిజిస్టరు చేయాలని లేదు. రాష్ట్రంలో ఏ రిజిస్ట్రార్ ఆఫీసులోనైనా చేయించవచ్చు. నాన్న ఉద్యోగం చేసిన ఊరు, ఆపరేషన్‌కు వెళ్లి నెల్లాళ్లున్న ఊరు, పెద్దకొడుకు ఉండే ఊరు, అన్నీ జాబితాలో రాసుకోండి. సీలు వేసిన కవర్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వీలునామాను దాచుకునే పద్ధతి కూడా ఉంది. అలా దాచినవాళ్లు పోయాక దరఖాస్తు పెడితే కవరు తెరిచి, మూడో పుస్తకంలోకి ఎక్కిస్తారు.

ఈసీ తీసి చూశాను, వీలునామా కనిపించలేదు కాబట్టి లేదు అనుకోకండి. ఈసీలో వచ్చేవి ఒకటో పుస్తకంలోని లావాదేవీలు. అది వేరు, ఇది వేరు. అలాగని ఈసీని వదిలేయకండి. నాన్న బతికుండగానే ఇంటిని దానపత్రంగానో సెటిల్‌మెంట్‌గానో ఎవరికైనా రాసేసి ఉంటే బయటపడేది ఈసీలోనే. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల సైట్లలో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. పొలమైతే ఆంధ్రాలో మీభూమిలో అడంగల్, 1బి చూడండి. తెలంగాణలో ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది, అక్కడ చూడండి. ఎవరి పేరు మీదికి ఎప్పుడు మారిందో తెలుస్తుంది. ఎలా మారిందో తెలియాలంటే తహసీల్దారు ఆఫీసులో ఆ ఫైలు నకలు సమాచార హక్కు కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ ఫైల్లో కుటుంబ సభ్యుల జాబితా ఉంటుంది. అందులో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. "ఒక్కడే సంతానం" అని రాయించిన అన్నదమ్ములూ ఉన్నారు ఈ భూమ్మీద.

రిజిస్టరు చేయని వీలునామా కూడా చెల్లుతుంది, అది గుర్తుంచుకోవాలి. ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు, తెల్లకాగితం మీదైనా సరే. కానీ దాని మీద వివాదం వస్తే, ఆ కాగితం పట్టుకున్నవాళ్లే సాక్షిని కోర్టుకు తెచ్చి రుజువు చేసుకోవాలి. "లేదు" అని నిరూపించాల్సిన భారం మనది కాదు.

ఇక కోర్టు రికార్డులు. బ్యాంకు డిపాజిట్లకో షేర్లకో ఎవరైనా వారసత్వ సర్టిఫికెట్ తెచ్చుకున్నారంటే, కోర్టులో పిటిషన్ వేసి ఉంటారు. ఆ పిటిషన్‌లో దగ్గరి బంధువులందరి పేర్లు, చిరునామాలు రాయాలి. అంటే మీ పేరూ ఉండాలి. లేకపోతే ఆ సర్టిఫికెట్‌ను రద్దు చేయమని అడగొచ్చు. ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి ఈకోర్ట్స్ సైటు, యాప్ ఉన్నాయి. జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, నాన్న పేరుతో, అన్నదమ్ముల పేర్లతో, సంవత్సరాల వారీగా వెతకండి. మన పేర్లను ఇంగ్లిష్‌లో పది రకాలుగా రాస్తారు కాబట్టి పది రకాలుగానూ కొట్టి చూడండి. కేసు కనిపిస్తే నంబరు రాసుకుని, ఆ కోర్టు కాపీయింగ్ విభాగంలో సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు చేయండి. మీరు ఆ కేసులో పార్టీ కాకపోతే, ఎందుకు కావాలో చెబుతూ పిటిషన్ వేయాలి. "మరణించిన వ్యక్తి కూతురిని" అన్నది చిన్న కారణం కాదు.

"లాయరుకు డబ్బెక్కడిది?" అంటారా? 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం ఉంది. దానికి ఆదాయ పరిమితి లేదు. ఉద్యోగస్తుడి భార్యయినా, కూలిపని చేసుకునే ఆమైనా ఒకటే. మీ కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ వాళ్ల గది ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా చెప్తారు. మనకు ఇవ్వాల్సినవి ఎంత జాగ్రత్తగా ఎవరికీ తెలియకుండా ఉంచారో చూడండి!

పిత్రార్జితం సంగతి వేరు. అక్కడ రికార్డు చూడటం ఇంకా ముఖ్యం. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005 సెప్టెంబరు 9న వచ్చింది, పెళ్లయినవాళ్లతో సహా. ఆ రోజుకు తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతోనే ఉందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. అయితే ఒక మెలిక ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు అయిపోయి ఉంటే అవి చెల్లుతాయి. ఇప్పుడు చెప్పండి, "ఎప్పుడో పంచేసుకున్నాం" అని బాబాయి అంటే నమ్మాలా, లేక ఒకటో పుస్తకం చూడాలా? తేదీ ఒక్కటే మీ హక్కును నిలబెట్టొచ్చు, పడగొట్టొచ్చు. ఆ తేదీ నోటిమాటలో ఉండదు.

కాగితం విలువేమిటో మన తెలుగింటి ఆడదాని కథే ఒకటి చెప్తాను. ఆవిడ పేరు దేశంలో న్యాయశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలుసు, మనకే తెలియదు. తులసమ్మ. ఆవిడ భర్త 1931లో పోయాడు, ఆస్తి మరిదితో ఉమ్మడిగా ఉండగానే. మనోవర్తి కోసం 1944లో కోర్టుకు వెళ్లింది, ఫీజు కట్టుకోలేను కాబట్టి పేదరాలిగా అనుమతించమని అడుగుతూ. 1946లో డిక్రీ వచ్చింది. 1949లో రాజీ జరిగి, బతికున్నంత కాలం అనుభవించమని కొంత ఆస్తి ఇచ్చారు. ఆ రాజీ కోర్టు రికార్డుకెక్కింది. ఆమె అందులో కొంత అమ్ముకుంటే, అమ్మే హక్కు నీకెక్కడిదని 1961లో దావా వేశారు. ఊళ్లో, మున్సిఫ్ కోర్టులో, జిల్లా కోర్టులో, హైకోర్టులో తిరిగి తిరిగి ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1977లో తీర్పు వచ్చింది. మనోవర్తి కింద వచ్చిన ఆస్తికి ఆమే సంపూర్ణ యజమాని అని. భర్త పోయిన నలభై ఆరేళ్లకు! ఇన్నేళ్లూ ఆమె పక్కన నిలబడింది ఏమిటి? 1946 డిక్రీ, 1949 రాజీపత్రం. ఆ రాజీ పెద్దమనుషుల సమక్షంలో అరుగు మీద నోటిమాటగా జరిగి ఉంటే, తులసమ్మ ఎవరో మనకెవరికీ తెలిసేది కాదు. ఆమెకు పొలమూ మిగిలేది కాదు.

ఇప్పుడు మీరనబోయేవి నాకు తెలుసు. నేనూ నాతో అనుకున్నవే.

"కట్నం ఇచ్చి పంపాం కదా అంటారు." అంటారు. కట్నం అత్తవారికిచ్చారు, మనకు కాదు. పైగా 1961 నుంచి అది నేరం. నేరంగా ఇచ్చినదాన్ని హక్కుగా రావాల్సినదాంట్లో కోసుకోవడం ఏ లెక్క?

"నీకేం తక్కువ అంటారు." తక్కువా ఎక్కువా కాదు ప్రశ్న. మా అన్నయ్యకు బెంగళూరులో రెండు ఫ్లాట్లున్నాయి. ఆయన్ని ఎవరైనా "నీకేం తక్కువ, వీలునామా ఎందుకు చూస్తావ్" అన్నారా?

"పుట్టిల్లు పోతుంది." ఇది నిజమైన భయం. దీన్ని నేను వెక్కిరించను. పండక్కి పిలుపు రాకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండు సంక్రాంతులు నేను అక్కడికి వెళ్లలేదు. కానీ ఒకటి ఆలోచించండి. కాగితం చూపించమన్నందుకు పోయే పుట్టిల్లు, మనం చూడకుండా సంతకం పెట్టినందుకు నిలబడుతోందన్నమాట. దానికి ఏటేటా ఎంత అద్దె కడుతున్నాం మనం? చీర పెట్టినప్పుడల్లా తలవంచి తీసుకుని, ఆ గదిలో మనం అడగని ప్రశ్నను మింగి, అమ్మను చూసి రావడం. మింగిన ప్రశ్న అరగదు. అన్నయ్య కొత్త కారు కొంటే ఆ ప్రశ్న లేస్తుంది. వదిన గాజులు చూస్తే లేస్తుంది. అనుమానం తప్పో ఒప్పో తెలియకుండా జీవితాంతం మోయడం కంటే, ఒక్కరోజు అడిగి తెలుసుకోవడం అన్నయ్యకు కూడా మర్యాదే.

ఎందుకంటే, మా విషయంలో అన్నయ్య చెప్పింది నిజం.

అవును. నకలు చేతికొచ్చాక ఆ ఆఫీసు మెట్ల మీదే కూర్చుని చదివాను. నాలుగు పేజీలు. ఇల్లు అన్నయ్యకే రాశారు నాన్న. రెండేళ్లుగా నేను మనసులో వాడి మీద వేసిన నిందల్లో సగం అక్కడే రాలిపోయాయి. కానీ మూడో పేజీలో ఇంకోటి ఉంది. అమ్మ బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండాలనీ, పై వాటా అద్దె ఆమే తీసుకోవాలనీ, ఆమె తర్వాతే ఇల్లు అన్నయ్యకు చెందాలనీ.

అప్పటికి అమ్మ ఎక్కడుంది? అన్నయ్య దగ్గర బెంగళూరులో, పదకొండో అంతస్తులో, హాల్లో దివాన్ మీద. కింది వాటా, పై వాటా రెండూ అద్దెకిచ్చేశారు. ఆ అద్దె ఎక్కడికి పోతోందో అమ్మకు తెలియదు. మందులకు డబ్బు కావాలంటే వదినను అడిగేది. ఫోన్లో నాతో మాట్లాడినప్పుడల్లా జామచెట్టుకు నీళ్లు పోస్తున్నారో లేదో అనేది. అంతకు మించి ఏమీ అనేది కాదు. ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కుందని, అదీ నాన్న తన చేత్తో రాసి ఇచ్చాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆడవాళ్లం మనం ఎప్పుడు అడిగాం గనక?

నకలు జిరాక్సు తీసుకుని బెంగళూరు వెళ్లాను. అన్నయ్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదివాడు. మూడో పేజీ రెండుసార్లు చదివాడు. "నాకు మొదటి పేజీ, చివరి పేజీ జిరాక్సులే ఇచ్చాడు మామయ్య. ఇల్లు నా పేరనే ఉంది కదా అని ఊరుకున్నాను" అన్నాడు. నేను నమ్మాను. కొందరు నమ్మొద్దంటారు. వాడి మొహం నేను చూశాను, వాళ్లు చూడలేదు. చూపించమంటే అంత కోపమొచ్చిన ఇంట్లో, చూసినవాడు ఒక్కడూ లేడు!

ఇప్పుడు అమ్మ మా ఊళ్లో, మా ఇంట్లో ఉంది. కింది వాటా ఖాళీ చేయించారు. పై వాటా అద్దె ఆమె ఖాతాలో పడుతుంది. నెలకు ఒకసారి బ్యాంకుకు తానే వెళ్లి పాసుపుస్తకంలో ఎక్కించుకుని వస్తుంది. వదిన నాతో ఇంకా ముభావంగానే ఉంది. మామయ్య మాట్లాడటం మానేశాడు. అన్నీ సర్దుకున్నాయని నేను చెప్పను. నేను ఆ రోజు సంతకం పెట్టేసి ఉంటే వీళ్లందరూ నాతో బాగుండేవాళ్లు. అమ్మ మాత్రం ఆ దివాన్ మీదే ఉండేది.

అందుకని మీకు చెప్పేది ఇదే. వాటా అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం. వదులుకోవాలనిపిస్తే వదులుకోండి. తమ్ముడు కష్టాల్లో ఉంటే సంతోషంగా ఇచ్చేయండి, అది మీ గొప్పతనం. కానీ ఏమిస్తున్నారో తెలిసి ఇవ్వండి. చదవకుండా సంతకం పెట్టడాన్ని త్యాగం అనకండి. దాన్ని త్యాగం అని మనకు నేర్పినవాళ్లు, వాళ్లెప్పుడూ చదవకుండా సంతకం పెట్టలేదు.

తద్దినాల ఇంట్లో ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా, "నెలమాసికం అయ్యాక చూద్దాం, ఈలోపు ఒక జిరాక్సు ఇవ్వండి" అనండి. ఆ ఒక్క మాట నేర్చుకోండి చాలు. ఇవ్వకపోతే మరణ ధ్రువపత్రం తీసుకుని మూడో పుస్తకం ఎక్కడుందో అడుగుతూ బయల్దేరండి. తోడు కావాలంటే మీ అమ్మను వెంట తీసుకెళ్లండి. ఆమె కూడా చూడాల్సినవి అందులో ఉండొచ్చు.

ఇంకో పని కూడా ఉంది, అది ఈ రోజే చేయొచ్చు. నేనూ మావారూ పోయిన నెల మా కాగితాలన్నీ బయటికి తీశాం. ఏ దస్తావేజు ఏ ఆఫీసులో, ఏ నంబరు, ఏ సంవత్సరం అని ఒక నోటుపుస్తకంలో రాశాను. మా అబ్బాయిని, అమ్మాయిని ఇద్దర్నీ కూర్చోబెట్టి చూపించాం. అమ్మాయి ఫోన్లో ఫొటో తీసుకుంది. ఎవరికీ కోపం రాలేదు.